కాలేయంలో దాచిన తీపి

పటమట,
మంగళవారం.

చిరంజీవి వినీలకు, ప్రభువు కృపలో నిన్ను తలుచుకుంటూ నాన్న రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. విశాఖలో హాస్టలు తిండి నీకు పడుతోందా?

"ఈ నెలాఖరు శుక్రవారం నుంచి కూడా మూడు రోజుల ఉపవాస ప్రార్థన ప్రకటిస్తారా నాన్నా?" అని అడిగావు. చెబుతాను. ముందు నువ్వు ఉత్తరంలో రాసిన నీ కాలేజీ పాఠం గురించి మాట్లాడనీ. ఫోనులో అయితే నాకు బోధించే గొంతే వస్తుంది, అందుకే కాగితం.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. పాస్టర్‌ని కాకముందు వన్ టౌన్ బియ్యం కొట్లో బస్తాలు తూచేవాణ్ణి. ఆ గింజలో ఉన్నదీ, దాని గడ్డిలో ఉన్నదీ ఒకటే గ్లూకోజు అని నువ్వు చెబితే గానీ తెలియలేదే! ఒకే పూస. ఒక రకంగా గుచ్చితే మెలికలు తిరిగిన స్టార్చి, మనకి అన్నం. ఒకటి విడిచి ఒకటి తిరగేసి గుచ్చితే సెల్యులోజు, నిటారుగా పక్కపక్కన ఒదిగి పైరుని గాలిలో నిలబెడుతుంది. ఆ ముడి విప్పే ఎంజైము మనకి లేదు, గేదె పొట్టలోని సూక్ష్మజీవులకి ఉంది. బైబిల్లో గర్వించి గడ్డి మేసిన రాజు మీద ఎన్ని ప్రసంగాలు చేశానో! ఆ గడ్డి ఆయనకి అరగదని ఒక్కసారీ తట్టలేదు.

మీ అమ్మ రొయ్యలు ఒలుస్తుంటే పెంకు ఒకటి తీసి వెలుతురులో చూశాను. అదీ ఆ పూసల దండే, నత్రజని ఉన్న చిన్న ముక్క తగిలించుకుని కవచమైంది. "రొయ్య పొట్టుకి కూడా వాక్యం చెబుతారా, నన్ను కూర చెయ్యనిస్తారా?" అంది మీ అమ్మ. సృష్టికర్త పనితనం చూడు తల్లీ! ఒక్క పూసతో ఆహారం, గోడ, కవచం!

గ్లైకోజెన్ సంగతి మాత్రం రెండుసార్లు చదివాను. కాలేయంలో కొమ్మలు కొమ్మలుగా దాచిన గ్లూకోజు, అన్ని కొసల నుంచీ ఒకేసారి తెంపి వాడుకోవచ్చు, ఏమీ తినకపోతే సుమారు ఒక రోజు వస్తుంది అన్నావు. షుగరు మాత్రలు వేసుకుని పస్తుంటే ప్రాణం మీదికొస్తుందనీ రాశావు.

నీకు చెప్పనిది ఒకటుంది. పోయిన నెల ఉపవాసం రెండో రోజు మన సంఘంలో అమలమ్మ గారు పరగడుపున షుగరు మాత్ర వేసుకుని వచ్చారు. చెమటలు పట్టి, వణికి, చాప మీద ఒరిగిపోయారు. నేనేమన్నాను? "ఆత్మ దిగింది! పాట ఆపొద్దు, గట్టిగా!" అన్నాను. ఆవిడ కోడలు ఏంజెల్ జనాన్ని తోసుకొచ్చి, "ఆత్మ కాదండీ, షుగరు పడిపోయింది! పంచదార నీళ్లివ్వండి!" అని అరిచింది. అవిశ్వాసీ అని ఆ పిల్లని గద్దించాను, వినీలా. అది నన్ను లెక్కచెయ్యకుండా తాగించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. అందుకే ఆవిడ బతికారు.

నిన్న ఆవిడని చూడటానికి వెళ్లాను. "మీ ప్రార్థన తియ్యగా ఉంటుంది అయ్యగారూ, కానీ అందులో పంచదారే లేదు" అని నవ్వారు. ఆ వెంటనే, "ఈసారీ వస్తానండీ. మీరు తినొద్దంటే తినను" అన్నారు.

కాబట్టి ఉపవాసం ప్రకటించను. ఏంజెల్‌ని అందరి ముందూ క్షమాపణ అడుగుతాను. కానీ ఇరవై ఏళ్లు పస్తే విశ్వాసమని అరిచినవాణ్ణి, ఇప్పుడు నా మాట ఎవరు నమ్ముతారు? ఆడపిల్ల పుల్‌పిట్ ఎక్కి ప్రసంగించకూడదని నిన్ను దించేసిందీ నేనే. ఆ శుక్రవారానికి ముందు రోజే రైలెక్కి రా. నువ్వక్కడ పుల్‌పిట్ మీద నిలబడి ఈ పాఠమే అందరికీ చెప్పు. నేను కింద చాప మీద కూర్చుని వింటాను.

ఇట్లు,
ఇప్పుడిప్పుడే చదువుకుంటున్న నీ నాన్న,
ఏసుపాదం