శాశ్వత అధ్యక్షుల వారి అనుమతి

రెజిమెంటల్ బజార్,
జూన్ 2006

ప్రభువునందు ప్రియమైన అల్లుడు జ్ఞానశేఖర్‌కు,

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. బేగంపేట ఆఫీసులో కంప్యూటర్ల మధ్య నీకు ఇన్‌లాండు కవరు కనపడుతుందా అని. కానీ మీ అత్త ప్రేమమణి ఊరుకోదే! నెలాఖరు శనివారం మా పెళ్లికి యాభై ఏళ్లు. విందుకు మన సంఘం హాలు కావాలి. కార్యదర్శిని నేనే. అయినా హాలు ఇవ్వడానికి నువ్వు కొత్తగా పెట్టిన సాఫ్ట్‌వేర్ వారం నుంచి "అనుమతి రాలేదు" అంటోంది. పూర్వం ఒక్క కేకేస్తే ఆ తలుపు తెరుచుకునేది. అసలా తలుపు బర్మా టేకు, దాన్ని తెచ్చిన కథ... సరే, ఇంకోసారి.

ఇట్లు,
మామయ్య నోవహు

తా.క.: నేనెవరో నీ యంత్రానికి చెప్పు.

* * *

మామయ్య గారికి వందనాలు.

సాఫ్ట్‌వేర్‌కు సొంత పెత్తనం లేదు. సంఘం ఎలా నడుస్తుందో అలాగే కడతాం. ఎవరి తర్వాత ఎవరు సరేననాలో మీరే రాసిచ్చారు. కోశాధికారి సరేనన్నారు, మీరూ అన్నారు. అధ్యక్షులు రిచర్డ్ గారి సెల్లుకు మెసేజీ వెళ్లింది, జవాబు లేదు. ఒకసారి వెళ్లి కలవండి.

మీ శేఖర్

తా.క.: పెద్దవారు కదా, కాస్త గట్టిగా మాట్లాడండి.

* * *

ఒరే శేఖర్,

ఆయన్ను కలవడానికి నాకింకా తొందర లేదు. రిచర్డ్ గారు పోయి మూడేళ్లు. ఆ కుర్చీ కోసం నలుగురు కొట్టుకుంటుంటే, ఆయన్నే శాశ్వత అధ్యక్షుడిగా తీర్మానించాం. ఖాళీ కుర్చీకి దండం పెట్టి మా పనులు మేం చేసుకుంటున్నాం. వెంటనే ఆయన పేరు తీసెయ్.

నోవహు

తా.క.: బతికుండగానూ ఆయన వెంటనే జవాబిచ్చేవారు కాదు.

* * *

మామయ్యా,

అధ్యక్షుల పేరు తీయాలంటే అధ్యక్షులే ఒప్పుకోవాలి. ఆ నిబంధన మీరు పెట్టించిందే. అదలా ఉంచండి. నిన్న సాయంత్రం రిచర్డ్ గారి నుంచి జవాబొచ్చింది: "కుదరదు."

శేఖర్

తా.క.: నేను ఈ ఆదివారం తప్పకుండా గుడికి వస్తాను.

* * *

ప్రియమైన శేఖర్‌కు,

భయపడకు. ఆ సెల్లు రిచర్డ్ గారి భార్య డోరమ్మ గారి దగ్గరుంది. నేనూ మీ అత్తా రాంగోపాల్‌పేట్‌లో ఆమె ఇంటికి వెళ్లాం. గుమ్మంలోనే అందుకుంది.

"ఏందీ నోవహూ! ఆయన కుర్చీకి దండాలు పెడ్తరు, నాకు విందు కార్డు సుత ఇయ్యరు. మీ పెండ్లికి కేకు చేసింది నేను గాదా? గందుకే కుదరదన్న!"

మీ అత్త నావైపు చూసిన చూపు రాయను. కార్డు చేతికిచ్చాం. కళ్లద్దాలు పెట్టుకుని, అక్కడే "సరే" అని కొట్టింది.

ఇట్లు,
మామయ్య

తా.క.: ఇది పోస్టు చేసేలోపే విందు నిన్న జరిగిపోయింది, నువ్వే రాలేదు. డోరమ్మ గారు వచ్చి, అధ్యక్షుల కుర్చీలో కూర్చుని, కేకు తిన్నారు.