శనివారం క్యాప్సూల్

5 జూన్ 1999, శనివారం

ఉపవాసం. నాకు హార్ట్ ఎటాక్ వచ్చినప్పుడు మా ఆవిడ రత్నమాల మొక్కుకున్న శనివారాలివి. ఆవిడ పోయి ఏడు నెలలు. మొక్కు మాత్రం ఉండిపోయింది, నేను తీరుస్తున్నాను.

పొద్దున గుండె కోసం ఇచ్చిన, రక్తం పల్చబరిచే బిళ్ళ వేసుకున్నాను. కడుపు కోసం ఇచ్చిన క్యాప్సూల్ వేసుకోలేదు. చీటీలో 'భోజనానికి ముందు' అని ఉంది. భోజనమే లేనప్పుడు ముందేమిటి?

9 జూన్

మాదాపూర్‌లో కొత్త ఆఫీసులకి టెలిఫోన్ లైన్లు ఇవ్వడంతోనే రోజు అయిపోయింది. ఊరందరి ఫోన్లూ మోగించే ఉద్యోగం నాది. ఇంట్లో నా ఫోన్ మోగి పదకొండు రోజులైంది.

ఒక్కడి కోసం వండుకోబుద్ధి కాదు. రాత్రి టీ, బిస్కెట్లు. అదీ భోజనం కాదు కదా, క్యాప్సూల్ వేసుకోలేదు. స్ట్రిప్ నిండుగానే ఉంది.

12 జూన్, శనివారం

కడుపులో మంట. ఉపవాసానికి కాఫీ అడ్డం రాదని మూడు తాగాను.

17 జూన్

విరేచనం తారులా నల్లగా అయింది. ఇలాంటివి పెళ్ళానికే చెప్పుకుంటాం.

19 జూన్, శనివారం, సాయంత్రం 6

మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడ్డాను. ఇంటి ఓనర్ రుక్కమ్మగారు చూశారు. మొఖం సున్నం కొట్టినట్టున్నది, ఏందిది సారు, జర చెప్పొద్దా, నడువుండ్రి దవాఖానకు అన్నారు. ఆటోలో నా చెయ్యి వదల్లేదు. ఏడు నెలల్లో నన్ను ముట్టుకున్న మొదటి మనిషి. ఏడ్చేశాను. ఫికర్ చెయ్యకుండ్రి, ఏం గాదు అంటూనే ఉన్నారు.

22 జూన్, నర్సింగ్ హోమ్

కడుపులో పుండు పడి నెత్తురు కారిందట. రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించారు. డాక్టర్ నాగేశ్వరిగారు తిట్టలేదు, తిడితే బాగుండేది. క్యాప్సూల్ అన్నం కోసం కాదండీ, ఆ గుండె బిళ్ళ మీ కడుపుని కొరక్కుండా కాపాడటానికి, తిన్నా తినకపోయినా రోజూ వేసుకోవాలి అన్నారు. నెత్తురు కారిందని ఆపిన బిళ్ళ మళ్ళీ మొదలుపెట్టాలట, మానితే గుండెకి ముప్పు. పస్తులు మాత్రం ఇక కుదరవన్నారు. ఎవరి కోసమండీ ఈ ఉపవాసాలు అని అడిగారు.

నా గుండె కోసమే అన్నాను. డాక్టర్‌గారు చీటీలో 'భోజనానికి ముందు' కొట్టేసి 'రోజూ లేవగానే' అని రాశారు.

26 జూన్, శనివారం

ఇంకా నర్సింగ్ హోమే. గంజి ఇచ్చారు. పక్కకి తిరిగి పడుకున్నాను. మొక్కు మానేస్తే రత్నమాలది నా దగ్గర ఇంకేం మిగులుతుంది? నర్సు వచ్చి చల్లారిన గంజి తీసుకుపోయింది.

3 జులై, శనివారం

ఇల్లు. లేవగానే క్యాప్సూల్. అరగంట ఆగి రుక్కమ్మగారు పంపిన ఇడ్లీలు, రెండు.

రత్నమాలా, తినేశాను. కోపం వస్తే ఫోన్ చెయ్యి.