అప్పలరాజు దాచిన చీటీలు

చిరంజీవి లతకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఆ మొదటి మాట నీకిక చెల్లదని తెలుసు. మరో మాటతో మొదలుపెట్టడానికి చేయి రాలేదు.

బాంబూఫ్లాట్ ఫెర్రీలో పనిచేసే అప్పలరాజు మనవరాలికీ నీకులాగే మాటిమాటికీ నిమోనియా, చెవిలో చీము. కొత్త డాక్టరమ్మ పాత చీటీలు అడిగితే, అతడు అవన్నీ దాచిన ప్లాస్టిక్ థైలీని బల్లమీద బోర్లించాడట. ఆమె వాటిని వరుసగా పేర్చి చూసి, పిల్లకు రోగనిరోధక శక్తి లోపించిందేమోనని అనుమానించింది. రక్తపరీక్షలో అదే తేలింది. ఇప్పుడు నెలనెలా మందు ఎక్కిస్తున్నారు. పిల్ల బడికి వెళుతోంది.

"సునామీలో కాయితాలన్నీ కొట్టుకుపోయినకాణ్నించి ఏ కాయితం పారెయ్యను మాస్టారూ. నాకు సదువు రాదు గదా, ఏది పనికొస్తాదో నాకేం మాలూమ్?" అని నవ్వాడు.

ఆ నవ్వును ఓర్వలేకపోయాను, తల్లీ. ఆ థైలీ నా ఇంట్లో ఉండవలసింది. నాకు చదువు వచ్చు. నీకు నయమైన ప్రతిసారీ చీటీ చదివి, దాని పని తీరిందని చించివేశాను. అందుకే ప్రతి డాక్టరుకూ నీ జబ్బు కొత్తదే అయింది.

"ఉండనివ్వండి, ఏం బరువు?" అని మీ అమ్మ అప్పుడే అన్నది. ఇప్పుడు ఆమె కూడా నీ దగ్గరే ఉన్నది. ఈ ఉత్తరాన్ని, ఒక్క వాక్యమూ వదలకుండా, గట్టిగా చదివి వినిపించమని ఆమెను అడుగు.