ఏసురత్నం గారు గీయనన్న కణుపు

సికింద్రాబాదు, 12-8-68

నాన్నగారికి,
నా జ్వరం తగ్గింది, దిగులు పడకండి. మీరు భీమిలి రాళ్ల దగ్గర ఏరి పంపిన నువ్వుగింజంత సముద్రపు సాలీళ్లు కొత్త జాతివని తేలింది! పాత జాతే అనుకుని నేను వ్యాసం రాసేశాను. మా కాలేజీలో బొమ్మలు గీసే ఏసురత్నం గారు సూక్ష్మదర్శినిలో చూసి, “మీసానికి తొమ్మిది కణుపులని రాసిన్రు. అన్నిట్ల ఎనిమిదే ఉన్నయమ్మా. లేనిది నేనెట్ల గీస్త?” అని కలం కింద పెట్టేశారు. మళ్లీ లెక్కపెడితే ఆయన మాటే నిజం; తొమ్మిది ఉండేది పాత జాతికి. చదివింది ఏడో తరగతి. ఏం చూపు నాన్నగారూ! “దీనికి మీ పేరే పెడుతున్నానండి” అంటే, “మా ఇంటామె నమ్మదమ్మా” అని సిగ్గుపడిపోయారు.

ఇంకో పది ఏరి స్పిరిట్‌లో వేసి పంపండి. అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? ఆదివారం ప్రార్థనలో ఆయన కళ్లను కూడా తలుచుకోండి.

మీ దేవకృప