మెరిసే మరుగుదొడ్లకు తాళం తీయించండి

గౌరవనీయులైన విద్యాధికారి గారి సముఖమునకు, ప్రాథమిక పాఠశాల అటెండరు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా బడిలో పిల్లల మరుగుదొడ్లకు వేసిన తాళం తీయించుట గురించి, ఆ తాళం వేసిన నన్ను తగురీతిన మందలించుట గురించి.

1. తమరు కిందటి తనిఖీలో మా మరుగుదొడ్లు చూసి, "ఇంత శుభ్రంగా మా ఇంట్లో కూడా ఉండవయ్యా" అని నా భుజం తట్టి, బడికి ప్రశంసాపత్రం ఇప్పించియున్నారు. అవి అంత శుభ్రంగా ఉండుటకు కారణం పిల్లలెవ్వరూ వాటిని వాడకపోవుటయేనని ఇందుమూలముగా తెలియజేసుకొనుచున్నాను. కడిగిన కాసేపటికే పాడు చేస్తున్నారని విసుగెత్తి నేనే తాళం వేశాను. పెద్ద మాస్టారికి ఈ ఏర్పాటు తెగ నచ్చింది. అప్పటినుంచి అవి టీచర్లకు, తమవంటి పెద్దలకు మాత్రమే తెరవబడుచున్నవి.

2. పిల్లలు ప్రహరీ వెనక ఖాళీ స్థలానికి పోవుచున్నారు. ఉత్త కాళ్ళతో పోవుచున్నారు. నేను తుడిచిన వరండా పాడవుతుందని చెప్పులు గేటు దగ్గరే విడిపిస్తున్నదీ నేనే. ఈ రెండు నిబంధనలూ నా సొంత తెలివి.

3. నా కూతురు ఇదే బడిలో మూడో తరగతి చదువుచున్నది. బడిలో నన్ను "నాన్నా" అనకూడదని, అందరిలాగే "అటెండరుగారూ" అనాలని కట్టడి చేశాను. ఒకనాడు కడుపు పట్టుకుని వచ్చి, "అటెండరుగారూ, ఒక్కసారి తాళం తీయరూ?" అంది. "కూతురివని నీకు తీస్తే రేపు బడంతా వరస కడుతుంది. వెనక్కి పో" అన్నాను. పోయింది. ఎంత న్యాయంగా ఉన్నానో అని ఆ రోజంతా నా భుజం నేనే చరుచుకున్నాను.

4. తరువాత పాప సుద్దముక్కలు తినసాగింది. బడి సొమ్ము దొంగిలిస్తావా అని చెయ్యి చేసుకున్నాను. మెట్లెక్కితే ఆయాసపడేది; బద్ధకమన్నాను. బుగ్గలు నిండుగా కనిపిస్తే ఒళ్ళు చేసిందని మురిసిపోయాను. "ఒళ్ళు చేయడం కాదండీ, మొహం ఉబ్బింది. కాస్త కళ్ళు పెట్టి చూడండి" అని నా భార్య నెత్తీనోరూ బాదుకుంది. "నీదంతా అనుమానం" అని కొట్టిపారేశాను. ఆ వారమే పాప ప్రార్థన వరసలో కుప్పకూలింది.

5. ఆసుపత్రిలో డాక్టరమ్మ పాప కింది రెప్ప లాగి చూపించారు. లోపల సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. కొంకిపురుగులట. పేగులను పట్టుకుని రక్తం తాగుతాయట. సుద్ద తినడం, ఆయాసం, మొహం ఉబ్బడం అన్నీ ఆ రక్తం లేకేనట.

"జనం బయటికి వెళ్ళిన చోట మట్టిలో ఉంటాయి. చెప్పుల్లేకుండా తొక్కితే చర్మంలోంచే లోపలికి పోతాయి. ఇంట్లో మరుగుదొడ్డి లేదా?" అన్నారావిడ.

"ఉందండీ."

"మరి బళ్ళో?"

మంచం మీదినుంచి పాపే, "ఉందండీ, భలే బావుంటుంది. పాడైపోతుందని మేమే వెళ్ళం" అంది.

అయ్యా, నన్ను వెనకేసుకొచ్చింది! ఒంట్లో రక్తం లేని పిల్ల నన్ను వెనకేసుకొచ్చింది! ఆ మాటకు నా ప్రాణం చచ్చిపోయింది. అర్జీలో ఇవన్నీ రాయకూడదని తెలుసు. క్షమించవలెను.

6. రక్తం ఎక్కించి, మందులిచ్చి ఇంటికి పంపించారు. "మాత్రకు పురుగు చస్తుంది. మళ్ళీ అదే మట్టి తొక్కితే మళ్ళీ పట్టుకుంటుంది" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. సోమవారం పాప బడికి రావలసియున్నది. ఇప్పుడు చూస్తుంటే ప్రతి తరగతిలోనూ అలా పాలిపోయిన మొహాలే కనబడుతున్నాయి. వాళ్ళందరినీ వెనక్కి పొమ్మన్నది ఈ నోరే.

7. తాళం తీద్దామని పెద్ద మాస్టారిని బతిమాలుకొన్నాను. "ఏమయ్యా, మతి పోయిందా? సోమవారమే తనిఖీ. ఆయన్ని వచ్చి వెళ్ళనీ. అయినా బళ్ళో పురుగుల మాత్రలు పంచాంగా!" అన్నారు. పైనుంచి కాగితం వస్తే తప్ప తలుపు ముట్టుకోవద్దన్నారు.

కావున తమరు ఆ కాగితం దయచేయించి, మరుగుదొడ్లు బడి వేళంతా తెరిచి ఉంచునట్లును, నీళ్ళూ సబ్బూ ఏర్పాటు చేయునట్లును, పిల్లలను చెప్పులతో తిరగనిచ్చునట్లును ఉత్తర్వు చేయవలెనని కోరుచున్నాను. ప్రశంసాపత్రం వెనక్కి తీసుకున్నా అభ్యంతరం లేదు. కడగడం నా పని. చచ్చినట్టు కడుగుతాను. దీన్ని అర్జీ అనుకున్నా మొర అనుకున్నా సరే, సోమవారం లోపలే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అటెండరు, పాప తండ్రి

తా.క.: అయ్యా, ఇది పోస్టులో వేయలేదు. వేస్తే ఎప్పటికి చేరేది? తమరు ఇవాళ తనిఖీకి వస్తారు కదా, చేతికే ఇస్తున్నాను. కాగితం కోసం ఆగలేక పొద్దున్నే తలుపులు తీసేశాను. మొదట ఎవ్వరూ లోపలికి పోలేదు. తిడతానేమోనని నా మొహమే చూస్తూ నిలబడ్డారు. చివరికి పాప వెళ్ళింది, దాని వెనక అందరూ తోసుకుంటూ వెళ్ళారు. ఇప్పటిదాకా నేను కడుగుతూనే ఉన్నాను, వాళ్ళు పాడు చేస్తూనే ఉన్నారు. తమరు వచ్చేసరికి ఎలా ఉంటాయో చెప్పలేను. మార్కులు కోసెయ్యండి, పెద్ద మాస్టారి ముందే తిట్టండి, పడతాను. ముక్కు మూసుకునైనా సరే, ఒక్కసారి లోపలికి రండి.