గడిలో దంపుడు పాట

అక్కా,

సంగం వాళ్లు నేర్పిన అక్షరాలతో రాస్తున్నాను. నీకు చేరదని తెలుసు.

దొర గడిలో వడ్లు దంచేటప్పుడు మనం బియ్యం నోట్లో వేసుకుని బుక్కకుండా పాట పాడించేవాళ్లు కదా. పాట ఆగితే దెబ్బ పడేది. ఆకలికి నీ రోకలి తడబడితే పనిదొంగ అని తిట్టేవాళ్లు. ఇంటికొచ్చి ఆ కసి నీ పెద్దబిడ్డ ఎల్లమ్మ వీపు మీద తీర్చుకునేదానివి. తర్వాత దాన్నే పట్టుకుని ఏడ్చేదానివి.

నువ్వు చచ్చిపోయాక, సంగం వాళ్లకు భయపడి దొర పట్నం పారిపోయాడు. గడిలోని వడ్లు ఊరంతా పంచారు. కడుపునిండా తిని దంచితే పొద్దెక్కకముందే పని తీరిపోయేది.

"మా అమ్మ పనిదొంగ కాదు చిన్నమ్మా. ఆకలితోని ఉండె, గంతే" అంది ఎల్లమ్మ ఓ రోజు.

మిలటరీ లారీల వెనకే దొర తిరిగొచ్చాడు. ఇవాళ మమ్మల్ని మళ్లీ గడికి దంచడానికి పిలిచారు. నిన్నటి నుంచి మన ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఎల్లమ్మ నీ రోకలి పట్టుకుని పాడింది.

"అచ్చం తల్లి గొంతే. మంచిగ పాడుతాంది. రేపటి సంది గీ పోరినే తోల్కరాండ్రి" అన్నాడు కావలి మనిషి.

ఎల్లమ్మ దంచుతూనే ఉంది. ఇంటికొచ్చాక, అన్నం అడిగిన చెల్లెలి వీపు మీద గట్టిగా చరిచింది. తర్వాత దాన్నే పట్టుకుని ఏడ్చింది.