వెనకాల రావద్దు

ఆదివారం, మధ్యాహ్నం

పిన్నికి నమస్కారాలు.

నువ్వు క్షేమమని తలుస్తానని మొదట రాయాలట. కానీ నిన్న ఫోనులో అంతసేపు దగ్గావు కనక అలా తలవడం లేదు. మందు వేసుకో. నేను క్షేమమేగానీ ఒళ్లంతా కోపంగా ఉంది. నోటితో చెప్పబోతే మాట వెతుక్కోడానికి సమయం పడుతుంది. ఆ సందులో అమ్మ తన మాటలు దూర్చేస్తుంది. అందుకే రాస్తున్నాను.

బట్టలుతికే దుకాణంలో నాకు పని దొరికిందని తెలుసుగా. ఇస్త్రీ, మడతలు. అక్కడి యంత్రాల హోరు నాకిష్టం, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. పదిహేడేళ్లొచ్చాయి, బస్సులో ఒక్కదాన్నే వెళతానన్నాను. అమ్మ సరేనంది. అంత తేలిగ్గా సరేనన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

శుక్రవారం వంతెన దగ్గర రోడ్డు తవ్వేశారని డ్రైవరు అందరినీ దించేశాడు. కాసేపు చెవులు మూసుకుని, ఊపిరి సర్దుకుని, ఆయన్నే దారి అడిగాను. అవును పిన్నీ, నేనే అడిగాను! "ఈ సందులోంచి నేరుగా వెళ్లమ్మా, చివర్లో ఇంకో బస్సుంటుంది" అన్నాడు. అడుగు వేశానో లేదో, తలకు శాలువా చుట్టుకున్న ఒకావిడ బస్సు వెనక తలుపులోంచి దిగి, పరుగున వచ్చి నా చెయ్యి పట్టేసుకుంది.

అమ్మ!

"మా అమ్మాయికి ఆటిజమండీ, దానికేం తెలీదు" అంది డ్రైవరుతో, జనమంతా వినేలా. నేను అరిచాను. నడిరోడ్డు మీద అలా అరవకూడదని తెలుసు. అయినా అరిచాను.

అక్కడితో ఆగిందా? దుకాణం దాకా వచ్చింది. ఆలస్యం ఎందుకైందో నేను చెప్పబోతుంటే తనే అందుకుని, నా పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టింది. యజమానురాలు జాలిపడి, "ఇంత అవస్థ ఎందుకమ్మా, పిల్లని ఇంట్లోనే ఉంచుకోండి" అంది. ఉంచుకోడానికి నేనేమన్నా పూలకుండీనా? నా వాటా దుప్పట్లు బల్ల మీద అలాగే ఉన్నాయి. ముట్టుకోకుండానే వచ్చేశాను.

అప్పట్నుంచి అమ్మతో మాట్లాడలేదు. నా గది గుమ్మంలో నిలబడి, "నీకేమన్నా అయితే నేను బతకలేనే" అంటుంది. తనకి భయమని తెలుసు. ఆ భయం కూడా నేనే మొయ్యాలా? దారి తప్పితే తప్పుతాను, అడిగి కనుక్కుంటాను. అందరూ చేసేది అదేగా?

నువ్వు తన చెల్లెలివి, నీ మాటకి విలువిస్తుంది. నా పని గురించి సిఫారసేం చెయ్యకు. యజమానురాలితో రేపు నేనే మాట్లాడుకుంటాను. వెనకాల రావద్దని మాత్రం అమ్మకి చెప్పు.

కోపం నీ మీద కాదు సుమా,
నీ పిచ్చుక

తా.క.: కవరు మీద స్టాంపు లేదని చూస్తున్నావా? పోస్టు చెయ్యలేదు, నేనే తెచ్చాను. మధ్యలో తప్పు బస్సెక్కి, దిగి, అడిగి, మళ్లీ ఎక్కాను. బయల్దేరేటప్పుడు నాతోపాటు అమ్మ కూడా చెప్పులేసుకుంది. రావద్దన్నాను. ఈసారి అరవలేదు. గేటు దాకా వచ్చి, ఊచలు పట్టుకుని ఆగిపోయింది. మలుపు తిరుగుతూ చూశాను, అక్కడే ఉంది. ఈ ముక్కలు మీ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. కవరు తలుపు కిందనుంచి తోస్తాను, తలుపు తియ్యి. అమ్మకి మాత్రం ఇప్పుడే ఫోను చెయ్యకు. చేరానని నేనే చెప్పాలి.